కవరు కప్పిన కారు ఎవరిది?

మే నెలలో ఒక రాత్రి. టైము రెండు దాటింది. మా అత్తకు ఊపిరాడలేదు. ఆమెకు ఉబ్బసం ఉంది. ఇన్హేలర్ రెండుసార్లు పీల్చినా ఆ రాత్రి తగ్గలేదు. మా పిల్లోడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. మా ఆయన ఉద్యోగం విజయవాడకు మారి ఏడాదైంది. కర్నూల్లో ఇంట్లో ఉండేది నేనూ, అత్తా. ఇంటి ముందు షెడ్డులో కవరు కప్పుకొని కారు.

నాకు లైసెన్సు ఉంది. తొమ్మిదేళ్ళ కిందట తీసుకున్నాను. ఆ తర్వాత నడిపింది లెక్కపెడితే పదిసార్లు ఉండదు. అయినా ఆస్పత్రి మూడు కిలోమీటర్లే, రాత్రిపూట రోడ్లు ఖాళీ, మెల్లగా పోదామనుకున్నాను. బీరువాలో ఆయన చొక్కాల కింద వెతికితే తాళంచెవి దొరికింది. కవరు లాగి, అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి, తాళం తిప్పాను.

టకటకటకటక. అంతే. ముందర వెలిగిన లైట్లు కూడా మసకబారిపోయాయి.

ఆయనకు ఫోన్ చేశాను. "ఏం సప్పుడొస్తాంది?" అన్నారు. "టకటకమంటాంది." "ఇంజను తిరుగుతాందా?" ఇంజను తిరగడమంటే ఏ చప్పుడో నాకేం తెలుసు? మళ్ళీ తిప్పు, ఇంకోసారి తిప్పు, హెడ్‌లైట్లు ఆపు అంటూ పదిహేను నిమిషాలు పోయాయి. చివరికి ఎదురింటి ఆటో అన్నను లేపాను. పాపం, లుంగీ మీదే వచ్చాడు. తాళం తిప్పినప్పటినుంచి ఆటో కదిలేదాకా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, నెబులైజర్ పెట్టారు. "ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందమ్మా" అంది నర్సమ్మ. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అత్త కోలుకొని ఇంటికొచ్చింది. దేవుడి దయ, ఆటో అన్న దయ. మా ఇంటి కారు దయ మాత్రం కాదు.

మరుసటి రోజు మెకానిక్ వచ్చాడు. గేటు దగ్గరే "సార్ లేరామ్మా?" అన్నాడు. లేరన్నాను. "సార్ నంబరివ్వండి, మాట్లాడతా." కారు నా ముందుంది. తాళంచెవి నా చేతిలో ఉంది. రాత్రి ఆ కారులో కూర్చుని చెమటలు పట్టింది నాకు. ఆయన మాత్రం బానెట్టు ఎత్తి, విజయవాడలో ఉన్న మనిషికి ఫోనులో ఐదు నిమిషాలు వివరించాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఫోన్ పెట్టేశాక అడిగాను, "అన్నా, సార్‌కు చెప్పిందే నాకూ చెప్పు." ఆశ్చర్యపోయాడు కానీ, మంచివాడు, ఓపిగ్గా చెప్పాడు. "బండి బయటికి తీసి ఎన్ని రోజులైందమ్మా?" అని అడిగాడు. క్యాలెండరు చూసి లెక్కపెట్టాను. 74 రోజులు.

ఆరోజునుంచి నేను తెలుసుకున్నది మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. దాంతోపాటు ఒక పోట్లాట కూడా పెట్టుకోదలచుకున్నాను. మన ఇళ్ళల్లో కారు "మన కారు" అంటాం. కొన్నప్పుడు హారతి ఇచ్చేది మనం. ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టేది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది మనం. గుమ్మడికాయ కొట్టగానే తాళంచెవి మాత్రం ఆయన జేబులోకి పోతుంది. ఇంటిలో ఒక్క మనిషికే తెలిసిన కారు ఇంటి కారు కాదు, ఆ మనిషి కారు. ఆ మనిషి ఊళ్ళో లేనప్పుడు షెడ్డులో ఉన్నది ఉత్త ఇనుము.

మా ఆయన నన్ను కారు ముట్టొద్దని ఎప్పుడూ అనలేదు. ఊరికి పోయేముందు ఆయన చెప్పే మాట ఒకటుంది. మీ ఇంట్లోనూ వినే ఉంటారు. "అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి ఆపేయ్. బయటికి మాత్రం తీయొద్దు." మొదట్లో రెండుసార్లు చేశాను, తర్వాత మరిచిపోయాను. తప్పు నాదేనని ఆ రాత్రి ఏడ్చాను కూడా. మెకానిక్ చెప్పాక తెలిసింది, నేను మరిచిపోకుండా చేసి ఉన్నా పెద్ద లాభం ఉండేది కాదని. స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్టార్టర్ మోటారు బ్యాటరీ నుంచి ఒక్క గుక్కలో బోలెడు కరెంటు తాగుతుంది. దాన్ని తిరిగి నింపే ఆల్టర్నేటరు బండి నిలబడి ఉన్నప్పుడు కొద్దికొద్దిగానే నింపుతుంది. ఆ ఐదు నిమిషాలూ ఏసీ వేసుకుని కూర్చుంటే ఇంకా తక్కువ. వారానికొకసారి అరగంట రోడ్డు మీద నడిపితేనే బ్యాటరీ బాగుంటుంది. అంటే "బయటికి తీయొద్దు" అన్న ఆ జాగ్రత్తే మా బ్యాటరీని చంపింది.

నేను చదివింది బీ.ఏ. తెలుగు. వోల్టు అనే మాట వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త పేరు మీద వచ్చిందన్నది తప్ప కరెంటు గురించి నాకేం తెలీదు. అయినా ఇది అర్థమైంది. మీకూ అవుతుంది.

కారు ఆపి తాళం వేసినా అది పూర్తిగా నిద్రపోదు. తాళం రిమోటు పిలుపు వినడానికి, దొంగల అలారానికి, గడియారానికి సన్నగా కరెంటు పోతూనే ఉంటుంది. మనకు నీళ్ళ కరువు తెలుసు కాబట్టి ఇట్లా చెప్తాను. కుళాయి సరిగ్గా కట్టకపోతే బొట్టుబొట్టుగా కారి తెల్లారేసరికి బిందె నిండుతుంది. ఇదీ అంతే. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. లోపల కారే కరెంటు 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా, రోజుకు 0.72 ఆంపియర్ అవర్ పోయినట్టు. నెలకు 21కి పైన. సగానికి పైగా ఖాళీ. నెలన్నర దాటితే అడుగంటినట్టే. పైగా బ్యాటరీ దానంతటది కూడా కొంత దిగిపోతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా దిగుతుంది. 42, 43 డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డులో ఉన్న బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా?

తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడే సగం రోగం చెప్తుంది. కుక్కరు విజిలును బట్టి పప్పు ఉడికిందో లేదో చెప్పగల మనకు ఇది కష్టం కాదు.

ఏ చప్పుడూ లేదు, లైట్లూ వెలగలేదు అంటే బ్యాటరీ పూర్తిగా అయిపోయింది, లేదా దాని తీగ వదులైంది. బానెట్టు ఎత్తితే బ్యాటరీ మీద రెండు కొనలు కనిపిస్తాయి. వాటి మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే అదే కారణం కావచ్చు.

మాకు వచ్చినట్టు టకటకటక అని వరుసగా వచ్చి లైట్లు మసకబారితే బ్యాటరీలో కొంచెం ఉంది, ఇంజనును తిప్పేంత లేదు. ఇక మళ్ళీ మళ్ళీ తిప్పొద్దు. ఉన్నది కూడా పోతుంది.

లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారే "టక్" మని ఆగిపోతే స్టార్టర్ మోటారునో, దానికి పోయే తీగనో అనుమానించాలి. అది మెకానిక్ పని.

ఇంజను బాగానే గిర్రున తిరుగుతోంది, కానీ అందుకోవడం లేదంటే బ్యాటరీ తప్పు కాదు. పెట్రోలు అందడం లేదు, లేదంటే స్పార్కు రావడం లేదు. ఎలుకలు వైరు కొరికినా ఇట్లాగే అవుతుంది. పది సెకన్లకు మించి తిప్పకుండా, అర నిమిషం ఆగి ఇంకోసారి చూడండి. రాకపోతే వదిలేయండి.

ఇవేవీ కాకముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కొన్ని బండ్లు క్లచ్ పూర్తిగా తొక్కితే గానీ స్టార్ట్ కావు. ఆటోమేటిక్ గేరు బండి పీలోనో ఎన్‌లోనో లేకపోతే స్టార్ట్ కాదు. బటన్ నొక్కే బండికి రిమోటులోని చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయినా ఇదే గోల. చాలా బండ్లలో ఆ రిమోటును బటనుకు ఆనించి నొక్కితే పనిచేస్తుంది. ఈ మాత్రం తెలియక రాత్రిపూట నలుగురిని లేపినవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో బండి సాయంతో స్టార్ట్ చేయడం కూడా నేర్చుకున్నాను. ముందు చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బంగారు గాజు రెండు కొనలకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. కొంగు బిగించి దోపుకోండి, ఇంజను ఫ్యాను దగ్గర వేలాడనీయొద్దు. రెండూ 12 వోల్టుల బండ్లే అయి ఉండాలి. ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపేసి ఉండాలి. ఎర్ర కేబులు ఒక కొన అయిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబులు ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి కొన అయిపోయిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజనులో రంగు లేని ఇనుము మీద, బ్యాటరీకి దూరంగా. ఎందుకంటే ఆఖరి కొన తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు. ఇక మంచి బండిని స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి, తర్వాత మన బండి. వచ్చాక కేబుళ్ళు పెట్టిన వరుసకు వెనక్కి తీయాలి. బ్యాటరీ ఉబ్బినా, కారినా ఈ పని అస్సలు చేయొద్దు. బండి వచ్చాక అక్కడే ఆపేయకుండా కనీసం అరగంట నడపండి. నెట్టి స్టార్ట్ చేయడం గేరు బండ్లకే, ఆటోమేటిక్ బండిని ఎంత నెట్టినా రాదు.

అంతే, అక్కలారా. ఇంతే విద్య. బిర్యానీ మసాలా దీనికంటే కష్టం.

ఇది రాస్తానని చెబితే ఒక బంధువు నవ్వాడు. "ఆడోళ్ళకెందుకమ్మా బ్యాటరీల గోల, ఫోన్ కొడితే మెకానిక్ వస్తాడు." రాత్రి రెండింటికి వస్తాడా? సరే, అది వదిలేద్దాం. మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. పదేళ్ళుగా మూడు నెలలకోసారి దాని బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేది ఎవరు? నేను. మూత తీసి మట్టం చూసేది, కొనల మీద పొడి తుడిచేది ఎవరు? నేను. అదీ సీసం, ఆమ్లం బ్యాటరీనే, కారుదీ అదే జాతి. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన కనిపెట్టినప్పటినుంచి లోపలి సంగతి పెద్దగా మారలేదు. వంటింటి పక్కన ఉంటే ఆ బ్యాటరీ ఆడవాళ్ళ పని, బానెట్టు కింద ఉంటే మగవాళ్ళ విద్య! మా పుట్టింటి వైపు పల్లెల్లో కరెంటు ఏ వేళకిస్తే ఆ వేళకు చేనుకు పోయి బోరు మోటారు స్టార్టరు నొక్కే ఆడవాళ్ళు ఎంతమంది లేరు? అక్కడ ఎవరూ "ఆడోళ్ళకెందుకు" అనరు. అది కష్టం కాబట్టి మనకు వదిలేశారు. కారు దర్జా కాబట్టి అట్టిపెట్టుకున్నారు.

పుట్టింటి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మాది పాత కడప జిల్లా, రాయచోటి వైపు. అక్కడ ఊరూరా కువైట్ పోయినవాళ్ళు ఉంటారు. మా చిన్నమ్మ కూతురి భర్త కూడా అక్కడే. రెండేళ్ళకోసారి వస్తాడు, రెండు నెలలుంటాడు. ఒకసారి వచ్చినప్పుడు కారు కొన్నాడు. ఆ రెండు నెలలు తిరుమలకు, పెళ్ళిళ్ళకు తిరిగారు. మిగతా ఇరవైరెండు నెలలు దానికి కవరు. మా చెల్లెలు పిల్లాడికి జ్వరమొచ్చినా ఊరి ఆటోలోనే పోయింది. ఆయన తిరిగొచ్చి చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. నేలకు ఆనినచోట టైర్లు చదునైపోయాయి. హ్యాండ్ బ్రేకు వేసి పెట్టిన చక్రాలు పట్టేసుకున్నాయి. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టాయి. "ఇంట్లో ఉండి ఏం చేస్తాంటివి?" అని అరిచాడంట ఆమె మీద.

నేనా రోజు అక్కడ ఉంటే ఒక్కటే అడిగేదాన్ని. ఏమప్పా, గేటు దాటించనియ్యని బండికి కాపలా మాత్రం ఆమెదా? ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీతో మాట్లాడింది ఆమె. నువ్వు పంపిన డబ్బు బ్యాంకులో చూసుకుంది ఆమె. ముసలోళ్ళ మందులు, పిల్లల ఫీజులు ఆమె. అన్నీ నమ్మి చేతిలో పెట్టినవాడివి, నాలుగు చక్రాలు నమ్మి పెట్టలేకపోతివా? ఆమెకు డ్రైవింగు నేర్పించడానికి అయ్యే ఖర్చు ఎంత? ఆ చెడిపోయిన బండి బాగుచేయించడానికి ఆయన పెట్టిన దానికంటే తక్కువే.

మరీ ఎక్కువ రోజులు బండి తీయలేమంటే దానికీ పద్ధతి ఉంది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి పెట్టాలి. టైర్లలో గాలి సరిగ్గా పట్టించాలి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు ఆనించి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. మళ్ళీ తీసేముందు బానెట్టు తట్టి, ఎత్తి, ఎలుకల పెంటికలు, కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు కూడా చూసుకోవాలి. ఇవన్నీ ఆమెకు ఎవరైనా చెప్పారా? లేదు. తిట్లు మాత్రం ఆమెకు వచ్చాయి.

మీకు ఒక పాత సంగతి చెప్తాను. కారు పుట్టిన తొలిరోజుల్లో, 1888 ఆగస్టులో, జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన కారు తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, 100 కిలోమీటర్లకు పైగా. మన లెక్కలో దాదాపు కర్నూలు నుంచి ఆళ్ళగడ్డ దూరం. అప్పట్లో పెట్రోలు బంకులు లేవు. దారిలో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసింది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. వైరు దెబ్బతింటే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. ఆ కారు జనం వాడుకోవడానికి పనికొస్తుందని లోకానికి చూపించింది ఆ ప్రయాణమే. అంటే కారు కంపెనీల చరిత్ర మొదట్లోనే ఆగిపోయిన బండిని రోడ్డు మీద బాగుచేసుకున్న ఆడమనిషి ఉంది. నూట ముప్పై ఏళ్ళు దాటాక మనల్ని చూసి "సార్ లేరా?" అంటున్నారు.

ఇక మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. నాకు లైసెన్సు ఇప్పించింది మా ఆయనే. ఒకరోజు ఆర్.ఎస్. రోడ్డులో బండి ఆగిపోతే వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. పక్కనుంచి ఈయన విసుక్కున్నారు. ఇంటికొచ్చి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "ఇక నాకొద్దు" అన్నాను. ఆయన కూడా "సరే" అన్నారు. ఆ "సరే" ఇద్దరికీ హాయిగా ఉండింది. తొమ్మిదేళ్ళు హాయిగా ఉండింది. ఆ హాయికి ఒక రాత్రి మా అత్త ఊపిరి అడ్డం పడింది. పక్క సీట్లో కూర్చోవడం సుఖమే, ఏసీ మనవైపు తిప్పుకోవచ్చు, పాటలు మార్చుకోవచ్చు. కానీ ఆ సుఖం ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళే.

అందుకని ఇంట్లో ఒక చిన్న గొడవ పెట్టాను. గొడవనే అంటాను, బతిమాలలేదు. తాళంచెవి బీరువాలోంచి వచ్చి హాల్లో కొక్కేనికి వేలాడాలన్నాను. డిక్కీలో జంపర్ కేబుళ్ళు కొని పెట్టాను. మెకానిక్ నంబరు నా ఫోనులో ఉంది, ఆయన ఫోనులో నా నంబరు ఉంది. ఇప్పుడు బ్యాటరీ గురించి నాతోనే మాట్లాడతాడు. కొత్త బ్యాటరీ బిల్లు, దాని వారంటీ కార్డు నా ఫైల్లో ఉన్నాయి. చిన్న మీటరు ఒకటి కొన్నాను. బండి కాసేపు ఆగి ఉన్నాక కొలిస్తే 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కు దిగితే నమ్మకూడదు. ఇంజను నడుస్తుంటే 14 చుట్టుపక్కల రావాలి, రాకపోతే ఆల్టర్నేటరు చూపించాలి.

ఆయన మొదట మూతి ముడుచుకున్నారు. "గీతలు పడతాయి" అన్నారు. పడనీయండి అన్నాను. అమ్మ ఊపిరికంటే గీత పెద్దదా? దానికి జవాబు రాలేదు.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు కారు తీస్తున్నాను. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాతివనం దాకా పోయి వస్తాం. మొదటి వారం రెండుసార్లు ఆగిపోయింది, హారన్లు కొట్టారు. కొట్టుకోనీ అనుకున్నాను. పక్క సీట్లో మా అత్త కూర్చుంటుంది. మొదట్లో డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకునేది. ఇప్పుడు బొరుగుల పొట్లం విప్పుకుంటోంది. మొన్న తిరిగొచ్చేటప్పుడు అంది, "ఏమ్మా కోడలా, మీ మామ ఉన్నప్పుడు నేనూ నేర్చుకుని ఉంటే ఎట్లుండు!" ఆమెకు డెబ్బై మూడేళ్ళు.

మీ ఇంటి కారు తీసి ఎన్ని రోజులైంది? ఈ రాత్రి దానితో అవసరం పడితే తాళంచెవి ఎక్కడుందో మీకు తెలుసా? ముందు లేచి చూసి రండి.